ఆరు చక్రాల పికప్ కొన్న కథ: ఎనిమిది నెలలు, పదకొండు బండ్లు, నాలుగు కాటా చీటీలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు బండ్ల పిచ్చేమీ లేదు. డల్లాస్‌కి పైన ఫ్రిస్కోలో ఉంటాం, నేను, మా ఆవిడ, పదేళ్ల పాప. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఇంట్లో ఒక హైలాండర్, 2019లో సరదాపడి కొన్న ఒక ఎఫ్-150 పికప్ ఉండేవి. అలాంటివాణ్ని ఇప్పుడు వెనక నాలుగు టైర్లున్న పికప్ మీద చిన్న ఇల్లు ఎక్కించుకుని తిరుగుతున్నాను. ఈ మధ్య మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "ఏ బండి కొనాలి, త్రీ క్వార్టర్ టన్ సరిపోతుందా" అని అడిగారు. (పికప్‌లని మోసే శక్తిని బట్టి హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ అని తరగతులుగా పిలుస్తారు, అవి పేర్లే, అసలు మోసే బరువు వేరు.) ప్రతిసారీ గంటసేపు చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

మొదలైంది 2024 ఆగస్టు 31న, లేబర్ డే వీకెండ్ శనివారం. ట్రైలర్ చూద్దామని వెళ్లాం. నాకు రివర్స్‌లో ట్రైలర్ తిప్పడం అంటే భయం, మా ఆవిడకి నేను తిప్పుతుంటే చూడటం అంటే ఇంకా భయం. వాళ్ల లాట్ (అమ్మే బండ్లు నిలబెట్టే స్థలం) చివర నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన క్యాంపర్ ఒకటి కనిపించింది. వెనక తగిలించి లాగేది కాదు, పికప్ తొట్టిలో కూర్చోబెట్టుకునేది. తొమ్మిదిన్నర అడుగుల ఫ్లోరు, పక్కకి జరిగే స్లైడ్ ఒకటి, స్టవ్, ఫ్రిజ్, బాత్రూము, డ్రైవర్ క్యాబిన్ మీదకి వచ్చే మంచం. పాప ఎక్కి ఆ మంచం మీద పడుకుని దిగనంది. నిర్ణయం అక్కడే అయిపోయింది, మిగతాదంతా లెక్కలే.

అమ్మే కుర్రాణ్ని "నా ఎఫ్-150 మీద వస్తుందా" అని అడిగాను. "అది కష్టం, త్రీ క్వార్టర్ టన్ తీసుకోండి, వెనక ఎయిర్ బ్యాగులు వేయించండి, హాయిగా పోతుంది" అన్నాడు. ఈ ఎయిర్ బ్యాగులు ప్రమాదంలో విచ్చుకునేవి కాదు, వెనక స్ప్రింగులకి సాయంగా పెట్టే గాలి తిత్తులు. బ్రోషర్‌లో బరువు 2,980 పౌండ్లు అని ఉంది. నేను నమ్మాను. నమ్మి, అర్వింగ్‌లో ఒక ఫ్రెండ్ తన త్రీ క్వార్టర్ టన్ అమ్ముతానంటే మంచి రేటే కదా అని సెప్టెంబరు 14న చెక్కు బుక్కు జేబులో పెట్టుకుని వెళ్లాను. టెస్ట్ డ్రైవ్ అయిపోయి దిగుతూ డోర్ ఫ్రేమ్ మీద పసుపు రంగు స్టిక్కర్ చూశాను. మనుషులు, సామాను అన్నీ కలిపి 2,610 పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంది. అంటే ఖాళీ క్యాంపరే ఎక్కువ. ఫ్రెండ్ మొహం చూస్తే పాపం వాడికీ ఆ స్టిక్కర్ సంగతి తెలియదు, నాలుగేళ్లుగా నడుపుతున్నాడు. చెక్కు బుక్కు జేబులోనే ఉంచుకుని టీ తాగి వచ్చేశాను.

మర్నాడు మళ్లీ క్యాంపర్ దగ్గరికి వెళ్లి, ఈసారి బ్రోషర్ పక్కన పెట్టి, దాని ఒంటి మీద అంటించిన లేబుల్ వెతికాను. బ్రోషర్‌లో వేసేది ఒట్టి డబ్బా బరువు. ఏసీ, ఆనింగ్ (బయట నీడకి చాపే పందిరి గుడ్డ), రెండో బ్యాటరీ, సోలార్ ప్యానెల్ అన్నీ కలిపాక ఆ డబ్బా అసలు బరువు 3,310. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పాప లెక్కల పుస్తకంలో కాగితం చింపి రాశాను. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, గ్యాలన్ 8.34 పౌండ్లు, అంటే 334. వేడినీళ్ల ట్యాంకు ఆరు గ్యాలన్లు, 50. రెండు సిలిండర్లలో గ్యాస్ 40. బట్టలు, గిన్నెలు, కుక్కరు, బియ్యం, కుర్చీలు, దుప్పట్లు ఒక 450 వేసుకున్నాను. మేం ముగ్గురం 393. క్యాంపర్‌ని బండికి బిగించే కొక్కేలు, గొలుసులు వగైరా 150. మొత్తం 4,727. వాడేసిన నీళ్లు పోయే ట్యాంకులు కూడా కలపాలేమో అని మా ఆవిడ అడిగింది. అవే నీళ్లు ఈ ట్యాంకులోంచి ఆ ట్యాంకులోకి పోతాయి కాబట్టి రెండుసార్లు లెక్కేయక్కర్లేదు, అదొక్కటే ఆ రాత్రి దొరికిన ఊరట.

సరే, వన్ టన్ చాలు కదా, అదీ వెనక రెండే టైర్లున్నది అయితే గరాజ్‌లో పెట్టుకోవడం, రోజూ తిప్పుకోవడం సులువు అని ఇంకో రెండు వారాలు ఆ ఆశలో ఉన్నాను. ఆ ఆశ టైరు గోడ మీద రాసిన అంకె చూసి పోయింది. ఆ బండ్లకి మామూలుగా వచ్చే 275/70 ఆర్18 సైజు టైరు ఒక్కోటి మోసేది 3,640 పౌండ్లు. రెండూ కలిపి 7,280. క్యాంపర్ బరువంతా దాదాపు వెనక ఇరుసు మీదే పడుతుంది, బండి వెనక భాగం సొంత బరువు మూడు వేలు ఎలాగూ ఉంటుంది, ఇంక లెక్క మీరే వేసుకోండి. అదే వెనక జంట టైర్లున్న డ్యూలీ అయితే నాలుగు టైర్లు పంచుకుంటాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది, ఆ టైరు మీద రెండు అంకెలుంటాయి. నేను చివరికి కొన్న బండి టైరు మీద సింగిల్‌గా వాడితే 3,195, జంటగా వాడితే 2,910 అని ఉంది. జంటలో ఉంటే ఒక్కోటి తక్కువే మోయాలి. అయినా నాలుగూ కలిపి 11,640. నాకు కావాల్సింది అదే.

అక్టోబరు 5న క్యాంపర్‌కి వెయ్యి డాలర్లు అడ్వాన్సు ఇచ్చాను. ఆర్డర్ మీద తయారు చేసేది, 14 నుంచి 16 వారాలు పడుతుంది అన్నారు. ముందు పికప్ కొని తర్వాత దానికి సరిపోయే క్యాంపర్ వెతుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ ఇంచుమించు అదే చేయబోయాను. క్యాంపర్ ఖాయమయ్యాక ఎంత మోయాలో అంకె చేతిలో ఉంటుంది, అప్పుడు ఏ సేల్స్‌మన్ ఏం చెప్పినా మనం ఆ అంకె దగ్గరే నిలబడొచ్చు.

అక్టోబరు 12 నుంచి వేట. శనివారం వస్తే చాలు, డెంటన్, షెర్మన్, వేకో, ఒకసారి టైలర్ దాకా. మొత్తం పదకొండు డ్యూలీలు చూశాను. కొత్తది, డీజిల్, నాలుగు డోర్లు, ఎనిమిది అడుగుల తొట్టి అంటే 80 వేలు దాటుతోంది, కాబట్టి సెకండ్ హ్యాండే. టెక్సాస్‌లో సెకండ్ హ్యాండ్ డ్యూలీలు కావలసినన్ని ఉంటాయి, కానీ వాటిలో చాలావాటికి ఒక గతం ఉంటుంది. హాట్‌షాట్ అని, పికప్‌కి పొడుగాటి ట్రైలర్ తగిలించి సరుకు తోలే వ్యాపారం, ఆ పనిలో అరిగిపోయి వచ్చినవి. రెండేళ్ల బండికి లక్షా డెబ్భై వేల మైళ్లు. తొట్టి మధ్యలో, ట్రైలర్ తగిలించే గూస్‌నెక్ బాల్ అనే గుండు కోసం కొట్టిన కన్నం. వెనక ఫెండర్లు ఎక్కడో డ్రైవ్ త్రూలో గోడకి రాసుకుని పగిలి ఉంటాయి, అవి ప్లాస్టిక్ లాంటి పదార్థం కాబట్టి బాగుచేయకుండా నల్ల టేపు వేసేస్తారు.

ఇంకో సంగతి నన్ను నెల రోజులు తిప్పలు పెట్టింది. ఫ్రెండ్ బండిలో చూసిన ఆ పసుపు స్టిక్కర్, అదే "మనుషులు సామాను కలిపి ఇంత" అనేది, డ్యూలీ డోర్ మీద ఉండదు. బండి మొత్తం అనుమతించిన బరువు పది వేల పౌండ్లు దాటితే ఆ స్టిక్కర్ పెట్టక్కర్లేదు, డ్యూలీలు చాలావరకు 14 వేల దగ్గర ఉంటాయి. అక్కడ మొత్తం బరువు, ముందు ఇరుసుకి ఎంత, వెనక ఇరుసుకి ఎంత అని మాత్రమే రాసి ఉంటుంది. మనకి కావాల్సిన కాగితం గ్లవ్ బాక్సులో ఉంటుంది, ట్రక్ క్యాంపర్ కోసమే ఇచ్చేది. ఎంత బరువున్న క్యాంపర్ పెట్టొచ్చు, దాని బరువు కేంద్రం తొట్టిలో ఎక్కడికి రావాలి అని బొమ్మ వేసి మరీ ఉంటుంది. పదకొండు బండ్లలో ఆ కాగితం మూడింట్లోనే దొరికింది, మిగతావి పాత ఓనర్లు పారేశారు. సేల్స్‌మన్లు ఆ కాగితం పేరే వినలేదు. ఒకాయనైతే వెబ్‌సైట్ తెరిచి "ఏడు వేల ఎనిమిది వందలు మోస్తుంది సార్" అన్నాడు. అది ఆ మోడల్‌లో రెండు డోర్ల, డీజిల్ లేని, ఏమీ లేని బండికి చెప్పే అంకె. ఆయన ముందున్నది నాలుగు డోర్ల డీజిల్.

డీజిలా, పెట్రోలా అన్న గొడవ మా ఇంట్లో దీపావళి దాటినా తెగలేదు. నాకు డీజిల్ మీద మోజు. కొండ దిగేటప్పుడు ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది, లాగుడు ఉంటుంది, వింటే ఆ శబ్దమే వేరు. కానీ డీజిల్ ఇంజను బరువే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ, ఆ మేరకు మోసే బరువు తగ్గిపోతుంది. నేను చూసిన బండ్లలో అదే ఏడాది, అవే మైళ్లు ఉంటే డీజిల్‌కి 11 నుంచి 13 వేలు ఎక్కువ చెప్పారు. పైగా పొగని శుభ్రం చేసే డెఫ్ అనే ద్రవం పోస్తూ ఉండాలి. మేం ఏడాదికి తిరిగేది మహా అయితే ఆరు వేల మైళ్లు. మా ఆవిడ ఒకటే మాట అంది, "ఆ పన్నెండు వేలకి ఎన్నేళ్లు పెట్రోలు కొట్టించుకోవచ్చో లెక్కేసి చెప్పు" అని. లెక్కేశాను, మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

జనవరి 8న మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. గుంటూరు మిర్చి యార్డు నుంచి పదహారేళ్లు లారీలు తిప్పిన మనిషి. నా ఫోన్లో డ్యూలీ ఫొటో చూసి "వెనక జోడు టైర్లా? ఐటీ ఉద్యోగం మానేసి కిరాయిలు తోలతారా ఏంటి అల్లుడుగారూ" అని నవ్వారు. ఎయిర్ బ్యాగుల కథ చెప్తే "కమాన్ పట్టీలు నాలుగు ఎక్కువ వేయించినా లారీ కూర్చోదు, చూడ్డానికి బానే ఉంటది. కానీ ఇరుసు అదే, బ్రేకులు అవే, టైర్లు అవే కదండీ" అన్నారు. మూడు నెలలు చదివి నేను తెలుసుకున్నది ఆయన సోఫాలో కూర్చుని ఒక్క ముక్కలో చెప్పేశారు.

జనవరి 25, శనివారం, ఫోర్ట్‌వర్త్ అవతల వెదర్‌ఫర్డ్‌లో ఒక చిన్న లాట్. అది పదకొండో బండి. 2021 ఎఫ్-350, 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను, 61 వేల మైళ్లు, గుర్రాల ట్రైలర్ లాగిన ఒక పెద్దాయనది. గ్లవ్ బాక్సులో కాగితం ఉంది! 5,612 పౌండ్లు. ఈ అంకె ప్రతి సీటుకీ 150 పౌండ్ల మనిషిని ముందే తీసేసి ఇస్తారు, అంటే మా ముగ్గురి బరువు ఇందులో కలపక్కర్లేదు. నాకు కావాల్సింది 4,334. నాకు అక్కడే సంతకం పెట్టేయాలనిపించింది.

మామయ్యగారు "ఆగండి" అని నా బండిలోంచి వీల్ స్పానర్ తీయించారు. ఒక్కో టైరు మీదా కొట్టుకుంటూ వెళ్లారు. ముందు రెండూ టంగ్ టంగ్ మన్నాయి. వెనక ఎడమ పక్క బయటిది టంగ్, వంగి చెయ్యి లోపలికి పెట్టి లోపలిది కొట్టారు, అదీ టంగే. కుడి పక్క బయటిది టంగ్. లోపలిది దబ్. తడి మూట మీద కొట్టినట్టు. మళ్లీ కొట్టారు, దబ్. సేల్స్‌మన్ గేజ్ తెచ్చి పెడితే మిగతావాటిలో గాలి 65 పీఎస్ఐ ఉంటే అందులో 38 ఉంది. బయటి టైరు గాలితో నిండుగా ఉంది కాబట్టి బండి ఏ మాత్రం ఒరగలేదు, కంటికి కనిపించే ఛాన్సే లేదు. జంట చక్రాల బండ్లకి గాలి తగ్గితే వెలిగే లైటు తప్పనిసరి కాదట, ఈ బండికి లేదు. అంతటితో ఆగకుండా ఆయన కింద కూర్చుని సెల్ ఫోన్ లైటు వేసి చూసి, "లోపలివి పాతవి, బయటివి కొత్తవి, గుబ్బలు కూడా వేరు" అన్నారు. జంటలో రెండు టైర్లూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే ఒకటి ఇంకోదాన్ని ఈడుస్తుంది, వేడెక్కుతుంది. లారీ వాళ్లందరికీ తెలిసిన సంగతి, లాట్‌లో ఎవరికీ తెలియదో, తెలిసీ ఊరుకున్నారో. 52,300 చెప్పినది 51,400కి దిగింది. తర్వాత ఆరు టైర్లూ మార్పించడానికి నాకు 1,490 అయింది, కాబట్టి ఆ తగ్గింపు వల్ల లాభపడ్డానని అనుకోవట్లేదు.

ఎఫ్-150ని అక్కడే 24,500కి ఇచ్చేశాను. టెక్సాస్‌లో పాత బండి ఇస్తే తేడా మీదే 6.25 శాతం పన్ను, అంటే 26,900 మీద 1,681 డాలర్లు. బయట అమ్మితే ఇంకో వెయ్యి వచ్చేదేమో గానీ పన్నులో అది పోయేది. ఇన్సూరెన్స్ ఆవిడ నాలుగుసార్లు "వ్యాపారానికి కాదు కదా" అని అడిగింది. ఆరు నెలలకి 830 కట్టేవాణ్ని, 1,140 అయింది. లైసెన్సు మామూలుదే చాలు.

ఇంటికి తెచ్చాక అసలు సంగతులు బయటపడ్డాయి. బండి పొడవు 22 అడుగులు, గరాజ్ లోతు ఇరవై. వెడల్పు వెనక ఎనిమిది అడుగులు. డ్రైవ్‌వేలో పెడితే తోక ఫుట్‌పాత్ మీదకి వస్తుంది. తొమ్మిదో రోజున మా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం, కమర్షియల్ వాహనం పెట్టారు, తీయండి అని. రిజిస్ట్రేషన్ ఫొటో తీసి పంపాను. మూడు వారాలకి "కమర్షియల్ కాదని ఒప్పుకుంటున్నాం, కానీ ఫుట్‌పాత్‌కి అడ్డం" అని ఇంకో ఉత్తరం. చివరికి స్టోరేజ్ లాట్‌లో బండికీ క్యాంపర్‌కీ కలిపి నెలకి 165 కడుతున్నాను. ఇది ముందు తెలిస్తే కొనేవాణ్నా అంటే, కొనేవాణ్నే గానీ లెక్కలో వేసుకునేవాణ్ని. ఆటోమేటిక్ కార్ వాష్‌లోకి రానివ్వరు, చేత్తో కడుక్కోవాల్సిందే. టోల్ రోడ్ల మీద మాత్రం ఆరు చక్రాలున్నా ఇరుసులు రెండే కాబట్టి కారు రేటే, ఆ ఒక్కటీ నేను భయపడినట్టు కాలేదు.

గుడిలో పూజ చేయించాం. పంతులుగారు నిమ్మకాయలు పట్టుకుని వచ్చి బండి వెనక్కి వెళ్లి ఒక నిమిషం నిలబడిపోయారు. "ఎన్నండీ చక్రాలు?" "ఆరండీ." ఆయన చేతిలో నాలుగే ఉన్నాయి. జంటకి కలిపి ఒకటి పెడదాం అని రెండు టైర్లకీ మధ్యలో పెట్టారు. బండి కదిపితే ఎడమ పక్కది నలగకుండా జారి రెండు టైర్ల సందులో ఇరుక్కుంది. మామయ్యగారు కర్రతో పొడిచి తీశారు. "రాళ్లు కూడా ఇట్టాగే ఇరుక్కుంటయ్, మట్టి రోడ్డు దిగినప్పుడల్లా చూసుకోండి" అన్నారు.

క్యాంపర్ చెప్పిన టైముకంటే మూడు వారాలు ఆలస్యంగా ఫిబ్రవరి 15న వచ్చింది. పొద్దున్నే ఆరింటికి లేచి, పులిహోర కట్టుకుని, పండగలా వెళ్లాం. క్యాంపర్ నాలుగు జాకీ కాళ్ల మీద ఎత్తుగా నిలబడి ఉంది, నేను బండిని వెనక్కి పోనిచ్చి దాని కిందకి దూర్చాలి. దూరలేదు. ముందు కాళ్లు రెండింటి మధ్య నా బండి వెనక ఫెండర్లు పట్టట్లేదు, ఒక నాలుగైదు అంగుళాల తేడా. డ్యూలీకైతే ఆ ముందు కాళ్లని పక్కకి తిప్పే స్వింగ్ అవుట్ బ్రాకెట్లు ఉండాలట. "మీది డ్యూలీ అని చెప్పలేదే" అన్నారు. నవంబరులో పంపిన ఈమెయిల్ ఫోన్లో తీసి చూపించాను. సారీ అయితే చెప్పారు, బ్రాకెట్ల డబ్బులు మాత్రం నా దగ్గరే తీసుకున్నారు, బిగింపుతో సహా 620. అవి రావడానికి ఇంకో మూడు వారాలు. తిరిగి వచ్చేటప్పుడు హైవే పక్కన ఆపి పులిహోర తిన్నాం, ఎవరూ ఏం మాట్లాడలేదు. పాప ఒక్కతే ఏడ్చింది. నాకూ అలాగే ఉంది, మగాణ్ని కాబట్టి పార్కింగ్‌లో నడుస్తూ ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాను.

ఈ గ్యాప్‌లో మిగతా పనులు చేయించాను. క్యాంపర్‌ని కట్టి ఉంచడానికి ఛాసిస్‌కి బిగించే టై డౌన్లు, టర్న్ బకుల్స్, మనిషి కూలి కలిపి 1,350. క్యాంపర్ లైట్లకి కరెంటిచ్చే ఏడు పిన్నుల ప్లగ్గు మామూలుగా వెనక బంపర్ దగ్గర ఉంటుంది, క్యాంపర్‌కి తొట్టి లోపల కావాలి, దానికి 185. తొట్టిలో జారకుండా రబ్బరు మ్యాటు 90. టెయిల్‌గేట్ పీకేయాలి, అది ఇప్పుడు మా గరాజ్‌లో గోడకి ఆనించి ఉంది. వెనక కెమెరా అందులోనే ఉంటుందన్న సంగతి పీకాక గుర్తొచ్చింది, రివర్స్ వేస్తే స్క్రీన్ నల్లగా వస్తుంది. లోపలి టైరుకి గాలి కొట్టడానికి బంకులో ఉండే పైపు అందదు, పొడుగాటి మెడ, రెండు వైపులా నోరు ఉన్న చక్ ఒకటి 22 డాలర్లు పెట్టి కొనాలి. ఇది బండితో పాటే ఇచ్చి తీరాలని నా అభిప్రాయం.

మార్చి 8న మళ్లీ వెళ్లాం. ఈసారి మామయ్యగారు వెనక నిలబడ్డారు. కెమెరా ఎందుకు, ఆయన ఉండగా. "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టండి... రానీ... హోల్డాన్!" అని అరుస్తుంటే లాట్‌లో పని చేసే కుర్రాళ్లు చూస్తూ నిలబడిపోయారు. భాష రాకపోయినా హోల్డాన్ వాళ్లకీ అర్థమైంది. నలభై నిమిషాలు పట్టింది. క్యాంపర్ దిగి తొట్టిలో కూర్చున్నప్పుడు బండి ఒక్కసారి ఊపిరి వదిలినట్టు కొంచెం కిందకి వచ్చి ఆగింది. అంతే.

ఇక కాటా. లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది, ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనకవి రెండో పలక మీద పెట్టి బటన్ నొక్కాలి. ఆ బటన్ పెద్ద లారీ డ్రైవర్ కిటికీకి అందే ఎత్తులో ఉంటుంది, నేను కిటికీలోంచి సగం బయటకొచ్చి వేలు చాపాను. అప్పట్లో మొదటిసారి పదిహేను డాలర్ల లోపు ఉండేది, ఒక రోజులో మళ్లీ అక్కడే తూస్తే చాలా తక్కువ. బండి కొన్న వారమే ఖాళీగా తూయించాను, ఫుల్ ట్యాంకు, నేను ఒక్కణ్ని, 7,680. క్యాంపర్ ఎక్కించిన రోజు 11,160. ఏప్రిల్ 17 రాత్రి, మర్నాడు గుడ్ ఫ్రైడేకి ప్రయాణం అనగా, సామానంతా సర్ది నీళ్లు నింపి ముగ్గురం ఎక్కి తూయిస్తే 12,540. నా కాగితం లెక్క ప్రకారం 12,229 రావాలి. ఆ మూడొందల పౌండ్లు ఎక్కడివో మా ఆవిడని అడిగే ధైర్యం లేదు గానీ, సోనా మసూరి ఇరవై పౌండ్ల బస్తా, ఇడ్లీ కుక్కరు, గ్రైండరు నా కళ్లతో చూశాను. ముందు ఇరుసు మీద 4,620, వెనక 7,920. 14 వేలలోపే ఉంది, వెనక ఇరుసుకి రాసినదానికంటే కూడా చాలా తక్కువే. కానీ ఆ 7,920 చూడగానే నాకు రెండు టైర్ల బండి 7,280 గుర్తొచ్చింది. ఇంక ఫ్రెండ్ త్రీ క్వార్టర్ టన్ సంగతి చెప్పక్కర్లేదు, దాని స్టిక్కర్‌కి దాదాపు రెట్టింపు వేసేవాళ్లం, ఎయిర్ బ్యాగులు పెట్టుకుని, హాయిగా.

వెళ్లే చోట నీళ్లుంటాయి కదా అని ముప్పై గ్యాలన్లు వదిలేసి పొద్దున్నే మళ్లీ తూయించాను, 12,280. అది నాలుగో చీటీ. నాలుగూ సన్ వైజర్‌కి గుచ్చి పెట్టాను.

పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్లాం, అమరిల్లో పక్కన. 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటాక గాలి మొదలైంది, ఆ ప్రాంతం గాలి తెలిసినవాళ్లకి తెలుసు. ఎదురుగా పెద్ద లారీ వచ్చి పోతే బండి ఒక్కసారి తోసినట్టవుతుంది, అంతలోనే సర్దుకుంటుంది. మొదటి రెండు గంటలు స్టీరింగ్ పిండేశాను, చైల్డ్రెస్‌లో దిగితే అరచేతులు తడి. అక్కడి నుంచి భయం తగ్గింది. కాన్యన్‌లోకి దిగే రోడ్డు పది శాతం వాలు, ఎనిమిది వందల అడుగుల లోతుకి పాములా తిరుగుతూ దిగుతుంది. టో హాల్ మోడ్ (బరువు మీద ఉన్నప్పుడు గేర్లు పట్టి ఉంచే బటన్) నొక్కి రెండో గేరులో పెట్టాను, ఇంజను గోల పెడుతూ పట్టి ఉంచింది. డీజిల్ ఉంటే ఇక్కడ సుఖంగా ఉండేదని ఒప్పుకుంటాను. కింద దిగాక మామయ్యగారు ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసి తలూపారు. రానూపోనూ 720 మైళ్లు, గ్యాలన్‌కి 9.1 మైళ్లు వచ్చింది, పెట్రోలుకి 225 డాలర్లు.

పాప పై మంచం తనదే అంది, చివరికి మా ఆవిడా పాపా అక్కడ, మామయ్యగారు కింద డైనెట్ (భోజనం బల్ల, సీట్లు) మడిచిన మంచం మీద, నేను బండి వెనక సీట్లో పడుకున్నాం. ముగ్గురికని లెక్కేసి కొన్నాం, నలుగురం వెళ్లాం. అన్నట్టు ఆయన బరువు కాటా చీటీల్లో లేదు, తూచేటప్పుడు ఆయన దిగి కౌంటర్ దగ్గర చీటీ తెస్తానని వెళ్లేవారు. తిరుగు ప్రయాణంలో ఇది గుర్తొచ్చి చెప్తే, "క్లీనర్ బరువు ఎవడు లెక్కేస్తాడండీ" అన్నారు.

జూన్ చివర ఆయన ఇండియా వెళ్లిపోయారు. వెళ్లే ముందు చీపురు కర్రని జానెడున్నర కోసి, ఒక చివర గుడ్డ చుట్టి, డ్రైవర్ సీటు వెనక పెట్టారు. బయల్దేరే ముందు ప్రతిసారీ దాంతో కొడుతున్నాను. నాకు ఆరూ ఒకేలా వినిపిస్తున్నాయి, అందుకని గేజ్ కూడా పెట్టి చూసుకుంటున్నాను.